బయ్యన్న పందెపు మోటరు

శనక్కాయల మిల్లు యజమాని బయ్యన్న ఆ ఉదయం ఒకే ఒక్క పని పెట్టుకున్నాడు. గుంతకల్లు వెళ్లి మోటరు కొనుక్కొచ్చి షరీఫాబీ నోరు మూయించాలి.

కంబదూరులోని ఆ మిల్లులో, కుప్ప దగ్గర నుంచి కాయలొలిచే మిషను దాకా గంపలు మోసేది ఆడవాళ్లే. వాళ్లకు పెద్ద షరీఫాబీ. వానలు మొహం చాటేసిన ఆ ఏడు చేలల్లో పని లేదు, వాళ్లకు మిగిలింది ఈ గంపలే. అయినా ఆమె జంకకుండా అడిగింది.

"అన్నా, మధ్యాన్నం కూసోడానికి ఒక పందిరి ఏయించు. ఎండకు తలకాయలు పగుల్తాండాయి."

"పందిరా? ఈడ పెండ్లేమన్నా చేస్తాండామా?" అన్నాడు బయ్యన్న. "ఉండు, మోసే బెల్టు తెస్తా. అది నీడ అడగదు."

"తే అన్నా. అదేం మోస్తాదో మేమూ చూస్తాం," అని షరీఫాబీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది. మిగతావాళ్లూ బోర్లించారు.

బెల్టు వచ్చింది. దాన్ని తిప్పే మోటరే తరువాయి.

బయ్యన్నకు బండలాగే పందెపు ఎద్దులను ఎంచడంలో జిల్లాలో తనంత వాడు లేడని నమ్మకం. గుంతకల్లులో జిలాన్ బాషా అంగట్లోనూ ఎద్దుల సంతలో తిరిగినట్టే తిరిగాడు. అన్నిటికన్నా పెద్ద మోటరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వీపు తట్టి, "ఇది" అన్నాడు.

"బెల్టెంత పొడుగు, బరువెంత, ఎంత నిదానంగా పోవల్ల, అది చెప్పన్నా ముందు," అన్నాడు జిలాన్ బాషా. "నీ పనికి ఆ మూల చిన్నదే చాలు. వేగం తగ్గించే గేరు పెట్టె ఒకటి తగిలిస్తే..."

"ఏమప్పా బాషా, వేగం తగ్గించేదానికి నేను దుడ్లియ్యాల్నా? పందెంలో ఎద్దును ఎనక్కి లాగమని ఎవురన్నా కూలి ఇస్తారా?"

జిలాన్ బాషా వ్యాపారి. ఇంకోసారి చెప్పి చూశాడు, ఆ తర్వాత రసీదు రాశాడు.

మర్నాడు మోటరును మిల్లు ఆవరణలో నడి ఎండలో బిగించి, పూలదండ వేశారు. బిగించడానికి జిలాన్ బాషా స్వయంగా వచ్చాడు. ఆడవాళ్లు ప్రహరీ గోడ అవతల, బోర్లించిన గంపల మీదే కూర్చున్నారు. బెల్టు సరిగా తిరిగితే రేపటి నుంచి తన ఇంట్లో పొయ్యి వెలగదని షరీఫాబీకి తెలుసు. భయపడింది కూడా. ఆ భయం బయ్యన్నకు మాత్రం చూపించదలచుకోలేదు.

మిల్లు పనివాడు దాసప్ప స్విచ్చి వేశాడు. బెల్టు కాయలను మోయలేదు, విసిరింది. అవి మిషను దాటి, గోడ దాటి, ఆడవాళ్ల నెత్తిన పడ్డాయి.

షరీఫాబీ గోడ మీదుగా తొంగి చూసింది. "అన్నా, మాకా పంపిస్తాండావు?"

బయ్యన్న మొహం కందిపోయింది. "బరువు తగల్లేదు, అందుకే గంతులేస్తాంది. మూటలు కుమ్మరించు దాసా!"

మూటలు కుమ్మరించారు. ఆ ఏడు కంబదూరులో కురిసిన మొదటి వాన అదే.

"నిలుపన్నా!" అని జిలాన్ బాషా మొత్తుకున్నాడు.

"నిలిపితే ఓడిపోయినట్టే! పెద్ద బండి చక్రం నిదానంగా తిరుగుతాది కదా? మోటరుకు పెద్ద చక్రం ఏయి."

"మోటరు పక్క పెద్దదేస్తే ఇంకా జోరు పెరుగుతాది!"

"నేను చూడని చక్రమా?"

చక్రం మార్చారు. కాయలు ఈసారి రోడ్డే దాటాయి. కళ్యాణదుర్గం బస్సు ఆగింది. ప్రయాణికులు దిగి తువాళ్లు పరిచారు, డ్రైవరు కూడా పరిచాడు. ఊరి మేకలు పిలవకుండానే వచ్చాయి. "మా కాయలు! మా కాయలు!" అంటూ, నిరుటి కాయలు ఒలిపించుకోవడానికి తెచ్చిన రైతులు బయ్యన్న మీదికి వచ్చారు. అంతలో మాడు వాసన కొట్టి, మోటరు తనంతట తానే ఆగిపోయింది.

జిలాన్ బాషా దాన్ని తాకబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "మోయలేనంత పని చెప్పినావు, పైన ఈ ఎండ. దీనికి నీడ కావల్లన్నా."

గోడ మీద షరీఫాబీ తల మళ్లీ కనిపించింది. "అది నీడ అడగదంటివే?"

బయ్యన్న రోడ్డు వైపు చూశాడు. మేకలు తల ఎత్తడం లేదు. "రాండమ్మా, కాయలేరండి," అన్నాడు.

"పందిరి."

"ముందు కాయలు!"

"ముందు పందిరి మాట చెప్పు. మేకలు బిరీన తింటాండాయి, నీ ఇష్టం."

బయ్యన్న ఊరంతా వినపడేలా అరిచాడు. "ఏస్తా! మీకు కాదు, మోటరుకు! అందరూ వినండి, మోటరుకే!"

"సరే అన్నా, మోటరుకే ఏయి. కొంచెం పెద్దదిగా ఏయి," అంటూ షరీఫాబీ గంప ఎత్తి మేకల మీదికి నడిచింది.

సాయంత్రానికి ఈతమట్టల పందిరి లేచింది. గేరు పెట్టె మద్రాసు నుంచి రావాలట, అందాకా గంపలే గతి. మర్నాడు మధ్యాహ్నం ఆడవాళ్లు పందిరి కింద కాళ్లు చాపుకుని సంగటి తిన్నారు. మోటరుకూ ఒక మూల చోటిచ్చారు.