కొలతలకు కుట్టిన ముత్తాత

బంధువుల్లోకెల్లా ఉత్తములు ఎవరో తెలుసా? పోయినవాళ్లు!

తొందరపడి నన్ను తిట్టుకోకండి. కాస్త నిదానంగా ఆలోచించండి. పోయిన బంధువు చెప్పాపెట్టకుండా సూట్‌కేసుతో దిగబడడు. షూరిటీ సంతకం పెట్టమనడు. మీ జుట్టు పలచబడిన సంగతి పదిమందిలో ఎత్తడు. మీరు ఫోన్ ఎత్తలేదని అలగడు. ఇంతటి సంస్కారవంతుల్ని వదిలేసి మనం ఇన్నాళ్లూ బతికున్నవాళ్లతో వేగుతున్నామంటే, అది మన తెలివితక్కువతనం కాక మరేమిటి?

అందుకే వంశవృక్షాలు వెతికే ఈ కొత్త పిచ్చిని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు యాప్ వేసుకుని ముత్తాతల వేటలో ఉన్నారు. మా ఆఫీసులో పక్క సీటువాడి ఇంటిపేరు తెలియని పెద్దమనిషి ఒకడు, తన తాతకు తాత పెళ్లి తేదీ తేల్చుకోవడానికి సెలవు పెట్టాడు. మా పక్కింటాయన భార్య పుట్టినరోజు మర్చిపోయాడు గానీ, ఆవిడ ముత్తవ్వ పుట్టినరోజుకి గుర్తుపెట్టుకుని మరీ కేకు తెచ్చాడు! ఆవిడ ఆ కేకుని ఏం చేసిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

మొదలుపెట్టడం కూడా బహు తేలిక. యాప్ తెరవగానే ఒక బాక్సు వస్తుంది. అందులో మీరు. పైన అమ్మా నాన్నా. ఆ పైన తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ. అందాకా బండి హుషారుగా సాగుతుంది. ఆ పై బాక్సులో ఒక ప్రశ్నార్థకం నిలబడి మిమ్మల్నే గుడ్లప్పగించి చూస్తుంటుంది. నా విషయంలో ఆ ప్రశ్నార్థకం మా ముత్తాత, అంటే మా నాన్నకి తాత. ఆయన పేరేమిటో, ఏం చేసేవాడో తెలియకుండానే నేను ఇంతకాలం సుఖంగా బతికాను. ఆ బాక్సు చూశాక మాత్రం అన్నం సయించలేదు.

యాప్ సలహా కూడా ఇచ్చింది. 'మీ కుటుంబంలో జీవించి ఉన్నవారిలో అందరికన్నా పెద్దవారిని సంప్రదించండి.'

ఎవరబ్బా అని బుర్ర గోక్కుంటే పెద్దత్త గుర్తొచ్చింది. మా నాన్నకి అక్క. మా ఇంటికి రెండు వీధుల అవతల, మందుల షాపు పైన రెండు గదుల్లో ఒక్కతే ఉంటుంది. పెళ్లి చేసుకోలేదు. బట్టలు కుట్టి బతికింది, ఇప్పటికీ కుడుతోంది. చిన్నప్పుడు మా స్కూలు యూనిఫారాలన్నీ ఆవిడ చేతివే. ఆ మందుల షాపుకి నేను నెలనెలా వెళ్తూనే ఉన్నాను. మెట్లెక్కిన గుర్తు మాత్రం లేదు.

ఆ ఆదివారం ఎక్కాను.

"ఏంట్రా, దారి తప్పావా?" అంటూ తలుపు తీసింది. మెడలో టేపు వేలాడుతోంది. నన్ను కిందినుంచి పైదాకా ఒక్కసారి చూసి, "నడుము దగ్గర వదులు చేయించుకో, ఊపిరాడటం లేదు నీకు," అంది. నేను పొట్ట లోపలికి పీల్చి, వచ్చిన పని చెప్పాను.

పెద్దత్త కాసేపు టేపుని వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది.

"మా తాతా? ఆయన ఆశువుగా పద్యాలు చెప్పేవాడురా! జనం కూలబడి వినేవాళ్లు. మరి పత్రికలో నీ రాతలు ఊరికే వచ్చాయనుకున్నావా?"

నా ఛాతీ పొంగి చొక్కా గుండీ తెగినంత పనైంది. ఇంకా చెప్పమని బతిమాలాను. "ఒక్కసారిగా గుర్తు రాదురా. వచ్చే ఆదివారం రా, చెప్తాను," అంది. వెళ్లాను. ఆ పై ఆదివారమూ వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ముత్తాత మరికాస్త పెద్ద కవి అయ్యాడు. ఇంతటి వంశంలో పుట్టి నేను ఈ పత్రికలో కాలమ్ రాసుకుంటూ మూలన పడి ఉన్నానేమిటా అని ఎడిటర్ని కూడా ఒకరోజు నిలదీశాను!

ఇంతలో యాప్‌లో ఎర్రగంట మోగింది. 'ఒకే వ్యక్తి గురించి పొంతన లేని వివరాలు నమోదయ్యాయి.'

చూద్దును కదా, మా పెదనాన్న కొడుకు, ప్లీడరు అన్నయ్య, అదే ముత్తాత పక్కన 'ఎంతటి తగవునైనా ఒక్క మాటతో తీర్చిన ధర్మమూర్తి' అని రాశాడు. జిమ్ నడిపే చెల్లెలు, మా బాబాయి కూతురు, 'ఎద్దుల బండిని ఒంటిచేత్తో లేపిన వస్తాదు' అని రాసింది. ఇక ఫ్యామిలీ గ్రూపులో చూడాలి రభస! పండగలకీ పుట్టినరోజులకీ ఒక దండం బొమ్మ పడేసి ఊరుకునే మేం ముగ్గురం, పేరా పేరాలు రాసుకుని మరీ దెబ్బలాడుకున్నాం. ఒక బాక్సులో ముగ్గురు ముత్తాతలు ఎలా పడతారు? పైగా అన్నయ్య వంశవృక్షం ఆవిష్కరణకని బంధువులందర్నీ పిలిచి, హాలు మాట్లాడి, గోడంత ఫ్లెక్సీకి ఆర్డరిచ్చేశాడు. ముత్తాత బాక్సులో పెట్టడానికి ఫోటో లేకపోతే, పాత సామాన్ల కొట్టులో ఎవరిదో మీసాలాయన పటం కొనుక్కొచ్చి, ఫోనుతో రకరకాలుగా తీసి మా అందరికీ పంపాడు కూడా. కాస్త మా చెవుల పోలిక ఉందని అతని వాదన.

నీకెవరు చెప్పారంటే నీకెవరు చెప్పారనుకున్నాం. ముగ్గురికీ చెప్పింది పెద్దత్తే.

కట్టకట్టుకుని వెళ్లాం. మేం నిలదీయడానికి వచ్చామన్న ధ్యాసే లేదావిడకి.

"ముగ్గురూ ఒకేసారా!" అని మొహం ఇంత చేసుకుని, మిషను ముందున్న స్టూలు ఒకరికీ, బట్టల మూట దించి కుర్చీ ఒకరికీ వేసింది. అన్నయ్యని మంచం మీద కూర్చోబెట్టింది.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అత్తా, దాచకుండా చెప్పు. ముత్తాత అసలు ఎవరు?"

"నాకేం తెలుసురా? నేను పుట్టేటప్పటికే ఆయన లేడు. మా నాన్న చెప్పలేదు, మేం అడగలేదు."

"మరి మాకు చెప్పినవన్నీ?"

"వచ్చిన మనిషిని చూసి, కొలత తీసుకుని కుట్టాను. నా పని అదేగా! ఒక్కళ్లైనా బిగుతుగా ఉందని వెనక్కి తెచ్చారా?"

చెల్లెలు తేరుకుని, "అంటే అన్నీ అబద్ధాలేనా అత్తా?" అంది.

"తెలియదని మొదటి రోజే చెప్పేస్తే రెండోసారి వచ్చేదానివా?"

కోర్టులో ఎవరికీ నోరెత్తే సందివ్వని మా అన్నయ్య, లేచి ఆవిడకి సూదీ దారం అందించాడు.

"నా సంగతైతే నిజమే చెప్పేదాన్ని," అంది పెద్దత్త, సూదిలో దారం ఎక్కిస్తూ. "అది ఎవరూ అడగలేదు." కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అయినా నా వాదన నుంచి నేను వెనక్కి తగ్గేది లేదు. వంశవృక్ష పరిశోధన అద్భుతమైనదే! అది లేకపోతే ఆ మెట్లు నేను ఎక్కేవాణ్ణా?

మరుసటి ఆదివారం దాకా ఆగలేక, సోమవారమే ఆఫీసు అయ్యాక వెళ్లాను. యాప్‌లో పెద్దత్త బాక్సు తెరిచాను. భర్త లేడు, పిల్లలు లేరు కనక 'ఈ శాఖ ఇక్కడితో ముగిసింది' అని అందులో రాసి ఉంది. ఎంత మర్యాద తెలియని యాప్! దాని కింద ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. మెట్ల కింద ఇరుకు జాగాలో అద్దె మిషనుతో మొదలుపెట్టడం, మా నాన్న చదువు ఆ మిషను మీదే సాగడం, అన్నీ.

"మీ యూనిఫారాలకి లోపల గుడ్డ ఎక్కువ వదిలేదాన్ని," అంది. "పెరిగే పిల్లలు కదా, మళ్లీ విప్పి వదులు చేద్దామని. వస్తారు కదా అనుకునేదాన్ని."

అంతా నింపాక యాప్ ఫోటో అడిగింది. ఫోనంతా వెతికాను. ఎవరో ఊరూ పేరూ లేని మీసాలాయన అటు తిప్పీ ఇటు తిప్పీ నిండిపోయి ఉన్నాడు. రెండు వీధుల అవతల ఉన్న మా పెద్దత్త ఫోటో ఒక్కటీ లేదు.

ఫోన్ ఆవిడ వైపు తిప్పాను. చటుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉండరా ఉండు, తల దువ్వుకొస్తాను!" అని లోపలికి పరిగెత్తింది.

బతికున్న బంధువులతో వచ్చిన చిక్కే ఇది. వాళ్ల కోసం కాసేపు ఆగాలి.

ఆగాను.