నలభై ఎనిమిదో రంగు

మధ్యాహ్నానికి సొరకాయ పులుసు వండాలి, ఆలోగా మగ్గం మీది చీర జానెడైనా ముందుకు జరగాలి. ఆ పొద్దున రోజారమణి ఆలోచన అంతే. పులుసు ఎలా చేయాలో నిర్మలమ్మ వదిన అప్పుడే ఫోన్లో చెప్పింది.

విన్నది మరచిపోతానని రోజారమణికి భయం. అందుకే తానొక్కతే ఉండే వాట్సాప్ గ్రూపు పెట్టుకుని అన్నీ అందులో రాసుకుంటుంది. దాని కిందే, చౌటుప్పల్ చుట్టుపక్కల నేతవాళ్లు ఆకులతో, బెరళ్లతో రంగులు తీసే పద్ధతులు పంచుకునే గ్రూపు. అందులో మూడు వందల నలభై మంది. రెండింటికీ మగ్గం బొమ్మే.

"చింతపండు పిడికెడు, బెల్లం జరంత, పసుపు. ఇనుప కడాయే కావాలె. మెత్తవడేదాంక ఉడకవెట్టాలె" అని రాసింది. సొరకాయ పేరు రాయలేదు. అది తనకు తెలిసిందే కదా! ఫోన్ ఛార్జింగుకు పెట్టి మగ్గం గుంటలోకి దిగింది.

పులుసు దించాక చూస్తే అరవై మెసేజీలు. రాసింది పెద్ద గ్రూపులోకి పోయింది! "నూలుకా, పట్టుకా అక్కా?" అని శ్రీవాణి. "బెల్లం నల్లదా, తెల్లదా?" అని గుర్వయ్య. పద్ధతులన్నిటికీ నంబర్లు వేసి భద్రపరిచే దయాకర్ "ఇనుప కడాయంటే పాతకాలం పద్ధతే. నంబర్ నలభై ఎనిమిది" అని ఖాయం చేశాడు. చివరిది పక్క ఊరి వెంకటనర్సుది: "పట్టు ముంచిన బిడ్డా. ఏం రంగొస్తది?"

రోజారమణి వెంటనే దయాకర్‌కు ఫోన్ చేసింది.

"అన్నా, అది రంగు గాదు. సొరకాయ పులుసు!"

"గిట్ల దాసుకుంటే ఎట్ల చెల్లె? మేమందరం మాకెరుకైనయి పెట్టలేదా?"

సాక్ష్యంగా పులుసు ఫొటో పెట్టింది. నిమిషంలో గుర్వయ్య జవాబు: "సొరకాయ గూడ ఎయ్యాల్నా? ముందుగాల జెప్పొద్దా!"

ఇక ఫోన్‌తో లాభం లేదనుకుని గిన్నె నిండా పులుసు, తన దగ్గరున్న కాస్త పట్టు తీసుకుని ఆటో ఎక్కింది.

వెంకటనర్సు ఇంట్లో దండెం మీద పట్టు ఆరుతోంది. అది పసుపూ కాదు, బురదా కాదు. ఆయన దండెం వైపు, గిన్నె వైపు మార్చి మార్చి చూసి కంచం తెమ్మన్నాడు. తిన్నాక చేయి కడుక్కుని గ్రూపులో మాట పంపాడు: "తిని జెప్తున్న. పులుసే."

అప్పుడు నమ్మారు. నలభై ఎనిమిదిని కొట్టేశారు.

"నా పట్టు తీస్కో పెద్దనాయినా. నావల్ల నీది పాడైంది."

"వద్దు బిడ్డా. నువ్వు జెప్పినవని ముంచిన. రేపు ఇంకోటి జెప్పు, గదీ ముంచుత."

దారంతా ఆ మాటే ఆమెను పొడిచింది. అందరి రంగులూ తీసుకుంది, ఒక్కటీ ఇవ్వలేదు. ఇంటికెళ్లి కూర్చుని, గడప దాటనీయొద్దని బాపు నేర్పిన నలుపు తీసే పద్ధతి రాసింది. బెల్లం, చింతగింజల పొడి, తంగేడు చెక్క, తుప్పుపట్టిన ఇనుము, నానబెట్టాల్సిన రోజులు. గ్రూపు పేరు రెండుసార్లు చూసుకుని పంపింది.

దయాకర్ మొదటి రెండు మాటలు దాటి చదివినట్టు లేదు. "చెల్లె, వంటలు ఇగ సాలు" అని ఆ మెసేజీ తీసేశాడు.

"అన్నా, ఇది నిజంగ రంగే!"

"పొద్దుగాల గాదంటివి!"

బాపు నలుపు మూడు వందల నలభై మందికి చేరి కూడా గడప దాటలేదు.