రెండంగుళాలు బయటికి

ఆదివారం పొద్దున అల్లుడి పథకం చాలా చిన్నది. కారుకు కొత్త రిమ్ములు వేయించడం, అటునుంచి అటే స్టేషనుకు వెళ్ళి అత్తమామలను ఇంటికి తీసుకురావడం. కిందటిసారి వచ్చినప్పుడు రిటైరైన హెడ్మాస్టరు మామగారు ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "సబ్బుపెట్టెలా ఉంది బాబూ" అని ఊరుకున్నారు. ఆ మాట అల్లుడికి పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది.

"పాతవి ఐదున్నర అంగుళాల వెడల్పు సార్, ఆఫ్‌సెట్ నలభై అయిదు. ఇవి ఏడున్నర. నలభై అయిదులో ఉన్నాయి, ఇరవైలో ఉన్నాయి. ఏవి వెయ్యమంటారు?" అన్నాడు టైర్ల దుకాణదారు.

ఆఫ్‌సెట్ అంటే ఏమిటో అల్లుడికి తెలియదు. తెలియదని చెప్పడం అసలే తెలియదు. "ఎంత బయటికొస్తాయనేగా? మరీ బయటికొద్దు. ఇరవైవే వేసెయ్యండి."

"మీ ఇష్టం సార్."

ఆ లెక్క తిరకాసుది. రిమ్ము వెడల్పులో సరిగ్గా మధ్య నుంచి, దాన్ని బోల్టులతో బిగించే చోటు ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగితే చక్రం లోపలికి జరుగుతుంది, తగ్గితే బయటికొస్తుంది. వెడల్పు పెరిగి, అంకె తగ్గి, నాలుగు చక్రాలూ రెండేసి అంగుళాలు బయటికొచ్చి కూర్చున్నాయి. అల్లుడి కంటికి మాత్రం కారు ఛాతీ విరుచుకున్నట్టు కనబడింది.

స్టేషను దగ్గర మామగారు కారును ఎగాదిగా చూసి, "బాగా ఒళ్ళు చేసిందే!" అన్నారు. అల్లుడు పొంగిపోయాడు. ఆ పొంగు మొదటి స్పీడ్ బ్రేకర్ దాకా ఉంది.

గర్ర్‌ర్‌ర్!

"అయ్యో! కుక్క పడినట్టుంది బాబూ!" అత్తగారు కెవ్వుమన్నారు.

అల్లుడు దిగి, వంగి చూసి, నీరుగారిపోయి లేచాడు. "కుక్క కాదండీ. వెనక బరువుకి బండి దిగి, టైరు రేకుకి రాసుకుంటోంది. మామయ్యగారూ, మీరిద్దరూ కొంచెం..."

"దిగాలా?"

"ఇది దాటేదాకానే!"

ఇద్దరూ దిగారు, నడిచారు, ఎక్కారు. వీధి మలుపు తిరగ్గానే ఇంకోటి. మళ్ళీ దిగారు. మూడో దాని దగ్గర స్కూటరు మీద వస్తున్న ఒక పెద్దమనిషి ఇది చూసి బ్రేకు వేశాడు.

"ఏమయ్యా, కన్నవాళ్ళని నడిరోడ్డు మీద దింపేస్తావా?"

"కన్నవాళ్ళు కాదండీ, అత్తమామలు!" అన్నాడు అల్లుడు కంగారుగా.

"అయితే దింపెయ్యొచ్చా?"

"మాకేం ఇబ్బంది లేదండీ, ఇందాకా రెండుసార్లు దింపాడు" అని మామగారు అల్లుణ్ణి వెనకేసుకొచ్చారు. దాంతో జనం పోగయ్యారు. వెనక బస్సు హారన్ మోత. కొంచెం ముందుకు తీసి ఆపుదామనుకున్న అల్లుడు, ఆ గాభరాలో అలవాటైన దారిన ఇంటి ముందు తేలాడు.

భార్య గేటు తీసింది. "అమ్మా నాన్నా ఏరీ?"

"వెనక..."

వెనక సీట్లో రెండు సంచులు, అత్తగారి కళ్ళజోడు ఉన్నాయి.

ఆమె నోరు విప్పేలోపే వీధి చివర ముగ్గురు కనిపించారు. ముందు మామగారు, వెనక అత్తగారు, వాళ్ళకు కాపలాగా స్కూటరు తోసుకుంటూ ఆ పెద్దమనిషి. భూమి చీలితే బాగుండుననుకున్నాడు అల్లుడు.

"క్షమించండి మామయ్యగారూ! రేపు పొద్దున్నే ఆ చక్రాలు పీకించేస్తాను."

"పీకించావంటే ఊరుకోను!" అన్నారు అత్తగారు. "నడవండి మహానుభావా అని డాక్టరు రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాడు. ఈయన పేపరు కోసం గుమ్మం దిగితే ఒట్టు. ఇవాళ ఇంత దూరం నడిచారు, పైగా ఆకలేస్తోందంటున్నారు!"

మర్నాడు తెల్లారేసరికి మామగారు బూట్లు వేసుకుని కారు పక్కన నిలబడి ఉన్నారు. "అమ్మాయ్, నువ్వు నడుపు. స్పీడ్ బ్రేకర్లు ఎక్కువున్న దారేదో అటు పోనీ."

కారు నడకకు వెళ్ళింది. అల్లుడు ఆఫీసుకు బస్సెక్కాడు.