అక్క లేని పదావళి

ఆ పొద్దున ఆయన పెట్టుకున్న పని చాలా చిన్నది. పదిన్నరకల్లా ఆరోగ్య పథకం గుమాస్తా చేత కాగితం మీద ముద్ర వేయించుకోవాలి, గురువారం అక్కయ్య కుడికంటికి ఆపరేషన్ చేయించాలి. ఎడమకన్ను ఎప్పుడో పోయింది. గురువారం తప్పితే డాక్టరు మళ్ళీ నాలుగు నెలలకు గానీ రాడు, ఈ కన్ను అన్నాళ్ళు ఆగదు. ఆస్పత్రి కంపెనీదే. పథకంలో పేరు లేనివాళ్ళను గేటు దాటనివ్వరు.

ఆఫీసులో ఆయన్ని అందరూ నిఘంటువు గారంటారు. కంపెనీలో వాడే ప్రతి మాటకూ ఒకే ఒక్క అర్థం రాసి పదావళిలో ఎక్కించడం ఆయన ఉద్యోగం. ఆ అర్థాన్ని బట్టే పట్టికల అమ్మాయి కంప్యూటర్‌లో గళ్ళు కడుతుంది. పదావళిలో లేనిది కంపెనీలో లేనట్టేనని పన్నెండేళ్ళుగా కనిపించిన వాడికల్లా చెప్పి చెవులు తినేశాడు. ఖర్మ కొద్దీ అందరూ నమ్మారు.

గుమాస్తా తెర చూసి పెదవి విరిచాడు. "అక్క అనే మాటే రావట్లేదు సార్. భార్య, భర్త, పిల్లలు, అమ్మ, నాన్న. అంతే."

"అంతే ఏమిటయ్యా! మా అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్ళు. నన్ను పెంచడానికి పెళ్ళి కూడా మానుకుంది మా అక్కయ్య. ఏ వెధవ తీసేశాడు ఆ మాటని?"

గుమాస్తా తెర ఇటు తిప్పాడు. 'వాడుక తక్కువ. తొలగించడమైనది' అని ఉంది. కింద సంతకం నిఘంటువు గారిదే.

కొత్త మాట చేర్చాలంటే పదావళి సంఘం కూర్చోవాలి. సంఘం ఎప్పుడు కూర్చుంటుందో సంఘానికే తెలియదు. ఉన్న మాటకు అర్థం సవరించడానికైతే ఆయన సంతకం ఒక్కటి చాలు. ఆయన తిన్నగా తన గదిలోకి వెళ్ళి, 'అమ్మ: ఉద్యోగిని కన్న స్త్రీ' అన్న చోట 'పెంచిన స్త్రీ' అని మార్చేశాడు.

పట్టికల అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "సార్, ఇది మీ ఒక్కరికే కాదు, అందరికీ వర్తిస్తుంది!"

"వర్తించనివ్వమ్మా. కొంపలేం మునగవు."

మధ్యాహ్నానికి మునిగాయి. మిమ్మల్ని పెంచినదెవరని కంప్యూటర్ ప్రతి ఉద్యోగినీ అడిగింది. ఒకడు హాస్టల్ వార్డెన్ పేరు రాశాడు. ఇద్దరు అన్నదమ్ములు చెరో అత్త పేరూ రాసి, నడవాలో చొక్కాలు పట్టుకున్నారు. మేనేజరు నిజాయితీపరుడు కాబట్టి పిన్ని పేరు రాశాడు. దాంతో ఆస్పత్రిలో మోకాలి కట్టు మార్పించుకుంటున్న ఆయన కన్నతల్లిని సగం కట్టుతో బయటికి పంపారు. ఆవిడ ఫోన్‌లో కొడుకుని తిట్టిన తిట్లు మూడు గదుల అవతలికి వినబడ్డాయి.

నిఘంటువు గారు ఇవేవీ పట్టించుకోలేదు. అమ్మ గడిలో అక్కయ్య పేరు ఎక్కించి హమ్మయ్య అనుకున్నాడు. కానీ ఒక ఉద్యోగికి ఒకే తల్లి అన్న నియమం కూడా ఆ మహానుభావుడు పెట్టిందే. ఉద్యోగంలో చేరిన రోజున కన్నతల్లి మరణపత్రం దాఖలు చేసింది కూడా తనే. ఆ పత్రం కాస్తా పోయి అక్కయ్య పేరుకు అతుక్కుంది.

మూడింటికి నోటీసు బోర్డు మీద అక్కయ్య పేరుతో సంతాపం వెలిసింది. గురువారం ఆపరేషన్ రద్దయింది. ఆయనకు పది రోజుల సెలవు దానంతటదే మంజూరై, కంప్యూటర్ ఆయన్ని బయటికి నెట్టేసింది. సెలవులో ఉన్నవారు పదావళి ముట్టరాదు. అదీ ఆయన రాసిందే.

"నీకు దణ్ణం పెడతానమ్మా, ఆ గడి ఒక్కటి మార్చు."

"మీ సంతకం లేందే గడి ముట్టుకోకూడదు కదా సార్," అందా అమ్మాయి ఏడుపు గొంతుతో. "మీరే నేర్పారు."

మర్నాడు అక్కయ్యను చెయ్యి పట్టుకుని గుమాస్తా ముందుకు తెచ్చాడు. గుమాస్తా లేచి నిలబడి కుర్చీ వేశాడు. "అమ్మగారు నిక్షేపంగా ఉన్నారు సార్, కనబడుతూనే ఉంది. కానీ బతికున్న వ్యక్తి అంటే..."

"మరణపత్రం దాఖలు కాని వ్యక్తి," అని నిఘంటువు గారే పూర్తి చేశాడు.

"ఏమంటున్నాడు నాన్నా?" అంది అక్కయ్య.

"కొంచెం ఆలస్యమవుతుందంటున్నాడక్కా."

గురువారం వచ్చింది, వెళ్ళింది. రెండు నెలలకు సంఘం తీరిగ్గా కూర్చుని ఆయన్ని పిలిపించింది. ఉద్యోగం ఊడుతుందనే ఆయన వెళ్ళాడు. ఊడితే బాగుండునని కూడా అనుకున్నాడు. సంఘం మాత్రం ఆ రోజు జరిగినవన్నీ తిరగేసి, అంతా నిర్వచనాల ప్రకారమే జరిగిందని తేల్చింది. అమ్మను పాత అర్థానికి మార్చి, అక్క సంగతి వచ్చే ఏడాది చూద్దామని, పదావళిలో ఒక్క దోషమూ లేనందుకు ఆయన చేతిలో ప్రశంసాపత్రం పెట్టింది.

ఇంటికొచ్చేసరికి అక్కయ్య గోడ తడుముకుంటూ ఎదురొచ్చింది. కాగితం చప్పుడు విని చెయ్యి చాచింది. ముఖానికి ఆనించుకుని చూసింది. ఏమీ కనబడలేదు.

"ఏం రాశార్రా?"

"నా పనిలో ఒక్క తప్పు కూడా లేదని రాశారక్కా."

"మా నాయనే!" ఆవిడ ఆ కాగితాన్ని అరచేత్తో నిమిరింది. "నిన్ను పెంచింది నేనేనని ఎక్కడన్నా రాశారా?"

ఆయన ఆవిడ వేలు పట్టుకుని కాగితం మీద పెట్టాడు.

"రాశారక్కా. మొదటి వరసలోనే రాశారు."

రాసి లేనిది ఉందని ఆయన చెప్పడం పన్నెండేళ్ళలో అదే మొదలు.