మేడ మీద వైద్యం

"ఇకపై పక్షవాతం వచ్చినవాళ్లు ఆసుపత్రికి రానక్కర్లేదు. ఆసుపత్రే ఫోన్లో వాళ్లింటికొస్తుంది!"

మహమ్మారికి జడిసి ఎవరూ గడప దాటని రోజుల్లో ఆరోగ్యమంత్రిగారు ఇలా సెలవిచ్చారు. విలేకరులు ముగ్గురే వచ్చినా ముప్పై మంది చప్పట్లు వినిపించాయి. రికార్డింగ్ వేశారు.

ఈ మహత్కార్యానికి పెద్దాసుపత్రి ఫిజియోథెరపిస్టును ముఖ్య నిపుణుడిగా నియమించారు. ఇరవై రెండేళ్లుగా జనం చేతులూ కాళ్లూ పట్టుకుని కదిలించడమే ఆయనకు తెలిసిన విద్య. పట్టుకోకుండా ఎలా కదిలించాలో తెలియదు. కానీ 'ముఖ్య నిపుణుడు' అన్న మాట చెవికి ఇంపుగా ఉండడంతో తెలుసన్నాడు. ఆ మాటను అద్దం ముందు రెండుసార్లు అనుకుని చూసుకున్నాడు కూడా.

మొదటి పేషెంటు ఒక దర్జీ. కుడిపక్క పడిపోయింది.

"కత్తెర పట్టుకునేంత వస్తే చాలండి, డాక్టరుగారూ," అన్నాడు ముద్దముద్దగా. అంతలో ఫోన్లో బొమ్మ బిగుసుకుపోయింది.

కాసేపటికి దర్జీ కొడుకు మేడ మీంచి ఫోన్ చేశాడు. "ఇంట్లో సిగ్నల్ నిలవదండి. మేడ మీదైతే బాగా వస్తుంది."

"అయితే నాన్నని మేడ మీదకి రమ్మను."

"నడవలేకే కదండీ మీ దగ్గర చేరింది!"

చివరికి కొడుకే తండ్రిని వీపున వేసుకుని రోజూ మూడంతస్తులు ఎక్కసాగాడు. నిపుణుడు రిపోర్టులో 'పేషెంటు మేడ ఎక్కారు' అని రాశాడు. అబద్ధమేం కాదు. ఎవరి కాళ్లతో ఎక్కారన్న గడి ఫారంలో లేదు.

వారానికల్లా మంత్రిగారి కార్యదర్శి ఫోన్ చేశాడు. "మంచంలో ఉన్న మనిషి మూడంతస్తులెక్కాడా! మంత్రిగారు పొంగిపోతున్నారు సార్!"

"అదీ... అంటే..."

"మరీ అంత వినయం వద్దు సార్. పేపర్లో వేయిస్తున్నాం."

నిజం చెబుదామని నోరు తెరిచిన నిపుణుడు, "ఫొటో కూడా వేస్తారా?" అని అడిగాడు.

పన్నెండో రోజున కొడుక్కి నడుం పట్టేసింది. అతన్నీ పథకంలో చేర్చుకున్నారు. 'ఒకే ఇంట ఇద్దరు లబ్ధిదారులు' అని పత్రికలో వచ్చింది. ఫొటోలో నిపుణుడు బాగానే పడ్డాడు.

భార్య ఆ ఫొటోను తేరిపార చూసింది. "ఇంతకీ ఆ దర్జీ చెయ్యి లేచిందా అండీ?"

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టాడు. మేడెక్కేవాళ్లు లేక దర్జీ ఫోన్ మూగబోయి అప్పటికి నాలుగు రోజులు. ముఖ్య నిపుణుడి మీద ఆయనకే అసహ్యం వేసింది. వెంటనే కార్యదర్శికి ఫోన్ చేశాడు.

"ఆ రిపోర్టు నా వెధవ పనండీ. ఆయన ఒక్క మెట్టూ ఎక్కలేదు. బయట తిరగడానికి పాసిప్పిస్తే వాళ్లింటికెళ్తాను. ఇంకా ఆలస్యమైతే ఆ చెయ్యి కొయ్యబారిపోతుంది."

"మీరే ఇళ్లకెళ్తే ఇక పథకం పరువేం కావాలి సార్?" అని కార్యదర్శి ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే సైరన్ కారొకటి వచ్చి గుమ్మం ముందు ఆగింది. డ్రైవరు పాసు చేతిలో పెట్టాడు. నిపుణుడికి ప్రాణం లేచొచ్చింది. మాస్కు తగిలించుకుని, సంచీ తీసుకుని ఒక్క అంగలో కారెక్కాడు. కారు దర్జీ ఉండే వీధి దాటిపోయింది. "ఆపు, ఆపు" అంటున్నా ఆగకుండా మంత్రిగారి బంగళాలోకి దూరింది.

మంత్రిగారు మెడ ఒక పక్కకి వాల్చి కూర్చున్నారు. "రావయ్యా! నిన్నట్నించి ఇది తిరిగి చావడం లేదు."

నిపుణుడు గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఒక్క ఫోన్ కొడితే అందులోనే చూసేవాణ్ణి కదండీ."

మంత్రిగారు ఇటు తిరగబోయి, కెవ్వుమన్నారు.

"ఫోన్లోనా? నాకు నిజంగానే నొప్పిగా ఉందయ్యా!"