తాతబ్బాయి గారి ఒక్క వద్దు

శ్రీ గౌతమీ వసిష్ఠా నదీమతల్లుల బాహుమధ్యమున, వైనతేయ తరంగధ్వానమునకు తలలూచు నారికేళ తరుసహస్రముల చల్లని నీడను, కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రము ఇంకను పారాడు ప్రాయమున నున్న కాలమున, అమలాపుర మను మహాపట్టణము విలసిల్లుచుండెను. మహాపట్టణ మని కవి యనినప్పుడు చదువరులు నమ్మవలెను. సినిమా హాలును, మునసబు కోర్టును, కాలువ రేవు నిండ కొబ్బరికాయల పడవలును గల చోటిని మరి యేమందురు?

ఆ సీమ ప్రజలకు చతుష్షష్టి కళలును కరతలామలకములు. రానిది ఒక్కటే కళ. ఎదుటి మనిషి మొగము మీద "వద్దు" అనుట వారికి చేతకాదు. పెండ్లి పంక్తిలో కడుపు పగులుచున్నను, వడ్డించువాడు బూరెల బుట్టతో వచ్చి నిలిచినచో "ఆయ్, వెయ్యండి" అనియే అందురు; అనుచు విస్తరి మీద రెండు చేతులును అడ్డము పెట్టుదురు. వడ్డించువాడు చేతులను చూచి ముందుకు సాగవలెను గాని మాటను పట్టుకొనరాదు. మాట మర్యాదకు, చేతులు నిజమునకు. ఈ గాథ చెప్పుమని నన్నడిగినప్పుడు నేనును చేతులు అడ్డము పెట్టితిని. అడిగినవారు చూడలేదు. అందుచేత చెప్పుచున్నాను.

ఇక ప్రతినాయకుని వంశక్రమము వినుడు. సప్తసముద్రముల కావల డంబుల్టన్ కంపెనీ కలదు. పుట్టిననాడు అది వంటయింటి త్రాసులు చేసి సంతలలో అమ్ముకొనెడి చిన్న కొట్టు. త్రాసులమ్మి గడియారములు చేసెను. గడియారములమ్మి, మీటలు నొక్కి పిడి త్రిప్పినచో కూడికలు చేయు యంత్రములను చేసెను. మడుగులోని పిల్లచేపలను కొర్రమీను మ్రింగినట్లు ఇరుగుపొరుగు కొట్లనెల్ల మ్రింగి, ఖండఖండాంతర వ్యాప్తమై, తుదకు ఒక పెద్ద చావడి నిండ పట్టునంతటి కృత్రిమ మేధను నిర్మించెను. గాజుబుడ్లు దాని కన్నులు. రాగితీగలు దాని నరములు. చిల్లులు పొడిచిన అట్టముక్కలు దాని భోజనము. లోకమున ఎవరికేమి కావలెనో ఆ అట్టలను మేసి అది చెప్పును. అది చెప్పినట్లు సరుకు పంపి కంపెనీ పెరిగెను. పెరిగినకొలది దాని మాట మరింత వినెను. ఎవరి చెప్పుచేతలలో ఎవరున్నారో కంపెనీ యజమానులకే తెలియదని వినికిడి.

అట్టి మహామేధకు ఎదురు నిలువ విధి యెన్నుకొన్న వీరుడు తాతబ్బాయి. టంకణవిద్యాచార్యుడు, అనగా టైపు ఇన్‌స్టిట్యూటు నడుపుకొనువాడు. మృదుభాషి, శాంతమూర్తి, భార్య రత్నమాల మాటలలో చెప్పవలెనన్న, ఎవరేది అంటగట్టినను నవ్వుచు ఇంటికి తెచ్చు వెర్రిబాగులవాడు. తెరచుకొనని గొడుగు, పాడని గ్రామఫోను, యజమానినే కరచు కుక్కపిల్ల ఆ విధముగనే ఆ యింట చేరినవి. డంబుల్టన్ కంపెనీ ఏజన్సీయు ఆ విధముగనే చేరెను. కంపెనీవారి మద్రాసు మేనేజరు వచ్చి, టోపీ తీసి చేతబట్టుకొని, "కోనసీమకు మీరే మా ఏజెంటు, కాదనకండి" అనెను. తాతబ్బాయి "ఆయ్" అనెను.

ఏజెంటు చేయవలసిన పని యొక్కటియే. ఇంటింటికి పోయి కూడికల యంత్రము కావలెనా యని యడుగవలెను. కావలెనన్నచో అట్టకు ఒక ప్రక్కను, వద్దన్నచో రెండవ ప్రక్కను చిల్లు పొడవవలెను. తాతబ్బాయి సైకిలు రథమెక్కి, పంటు పడవల మీద ఏరులు దాటి, కొత్తపేట మొదలు రాజోలు వరకు దిగ్విజయ యాత్ర సలిపెను. మురమళ్ళలో బుల్లిరాజు గారను పెద్ద రైతు కొబ్బరితోట గట్టున నిలిచి, దోమలను తోలినట్లు రెండు చేతులును అడ్డముగా ఊపుచు, "ఆయ్, మీరింత ఎండలో వచ్చి అడిగేరు, అలాగేనండి" అనెను. చేతులకు పొడుచుటకు అట్ట మీద చోటు లేదు. తాతబ్బాయి మాటకు చిల్లు పొడిచెను. అన్ని ఇండ్లలోను అదియే మాట, అవియే చేతులు, అదియే చిల్లు.

ఆ అట్టలు ఓడనెక్కి పోయి మేధ నోట బడినవి. మేధ గిరగిర తిరిగి, మిణుకుమిణుకు మని, తీర్పు చెప్పెను: "ఇంతటి గణనతృష్ణ గల ప్రజ భూమండలమున వేరొకచోట లేదు. అసమ్మతి సున్న. ఇంటికొక యంత్రము పంపుడు."

కంపెనీ పంపెను. ఒకనాటి ఉదయమున అమలాపురము రేవున కొబ్బరి పడవలను నెట్టుకొని, మేకులు కొట్టిన చెక్కపెట్టెలతో నిండిన పడవల వరుస వచ్చి నిలిచెను. ముందరి పడవ మీద మేనేజరు నిలిచి, వచ్చిన తాతబ్బాయిని చూచి యిట్లు ప్రసంగించెను.

"ఏజెంటు గారూ, మా మేధ పుట్టాక ఇంత శుభ్రమైన లెక్క చెప్పటం ఇదే మొదలు. ఊళ్ళకు ఊళ్ళలో ఒక్క వద్దు లేదు. ఒక్కటంటే ఒక్కటి ఉన్నా ఆ లెక్క చెల్లదు. ఈ పడవలు అటునుంచి అటే వెనక్కి పోవలసిందే, కంపెనీ నిబంధన అది. ఇక్కడ మనకా భయం లేదు. రేపు ఉదయం పెట్టెలు దించుదాం. దించిన గుమ్మంలోనే మొదటి వాయిదా వసూలు."

తాతబ్బాయి గర్వముతో ఇల్లు చేరెను. ఆ గర్వము కాఫీ చల్లారునంత సేపైనను నిలువలేదు. ప్రక్కయింటి సత్తెమ్మ, భర్త పోయిన నాటినుండి ఒక గేదె పాలమ్ముకొని బ్రదుకు ముసలమ్మ, చెంబుతో పాలు పోసి గుమ్మములో నిలిచెను.

"బాబూ, రేపట్నించి పాలు వేరేచోట చూసుకోండి. గేదెని బేరం పెట్టేనండి. పొద్దున్నే వచ్చి తోలుకెళ్తారు."

"అదేంటి పిన్నిగారూ, ఎందుకమ్ముతున్నారు?"

"మీ యంత్రానికండి. నాకు కూడికలేం ఉంటాయి బాబూ, ఉన్నదే ఒక్క గేదె. అయినా మీరు గుమ్మంలోకొచ్చి అడిగేక కాదంటే ఏం బాగుంటుందండి?"

ఆ మాట తాతబ్బాయి గుండెలో గునపమై దిగెను. తన మెత్తదనము తన యింటిని గొడుగులతో నింపిన నాడు అతడు నవ్వుకొనెను. అది పొరుగువారి గేదెను తోలుకొని పోవుచున్నదని తెలిసిన ఈనాడు అతనికి సిగ్గు వేసెను, ఏడుపును వచ్చెను. "మేనేజరు గారితో వద్దని ఒక్కమాట చెప్పండి పిన్నిగారూ, చాలు," అని బతిమాలెను.

"ఆయ్, మీరు చెప్పమంటే చెప్తానండి," అనెను సత్తెమ్మ.

ఇట్లు తొలినాటి యుద్ధమునకు సేనలు కదలెను. మేనేజరు దిగిన బంగళాకు సత్తెమ్మను ముందిడుకొని తాతబ్బాయి పోయెను. మేనేజరు లేచి, నమస్కరించి, "రండమ్మా, కూర్చోండి" అని తన చేతులతో కుర్చీ లాగి వేసెను. జన్మలో సత్తెమ్మకు బంగళాలో ఎవరును కుర్చీ వేసి యెరుగరు. ఆమె అంచున కూర్చుండి, "యంత్రం కావాలి కదమ్మా?" అని యతడడుగగా, "ఆయ్, ఇప్పించండి బాబూ," అనెను.

వెలుపలికి వచ్చి కొంగు నోటికడ్డము పెట్టుకొని, "కుర్చీ వేసేరండి, పాపం. ఎలాగండీ మరి?" అనెను. 

ఓడిన సేనాని కోర్టు వైపు నడచెను. అచ్చట వాయిదాకు వచ్చిన బుల్లిరాజు గారు చెట్టునీడను చుట్ట కాల్చుచుండెను. అన్నదమ్ముల మీదను, వియ్యంకుని మీదను, తన పెండ్లి చేయించిన పురోహితుని మీదను వ్యాజ్యములు నడుపుచున్న అరివీర భయంకరుడు. ఇతడైనను వద్దనడా యని తాతబ్బాయి ఆశ.

"కాగితం మీదయితే ఎంతైనా అనిపిస్తానండి, మా ప్లీడరు గారి చేత," అనెను బుల్లిరాజు గారు. "నా నోటితో, ఆయన మొహం చూస్తూ వద్దనడం నా వల్ల అవుతుందాండి? మరీ అంత మోటు మనిషిననుకున్నారా నన్ను?"

తాతబ్బాయి క్షమాపణ చెప్పుకొని ఇంటికి వచ్చి, జరిగినది రత్నమాలకు చెప్పుకొని కూలబడెను. ఆమె వంకాయలు తరుగుచు విని, కత్తిపీట మీదనుండి లేవకయే పలికెను.

"ఊరందర్నీ వద్దనమంటారు. మీరనరేం?"

"నన్నెవరడిగేరే? అడిగేవాణ్ణి నేనే కదా."

"అయితే మీ అట్ట ఇంకా ఖాళీయేగా."

ఆ మాట తాతబ్బాయికి గీతోపదేశ మయ్యెను. ఇంటింటికిని పోయినవాడు తన యింటికి పోలేదు. ఆ ఖాళీ అట్టయే పాశుపతాస్త్రము. కాని యస్త్రమున్న చాలదు, ప్రయోగము రావలెను. రత్నమాల గురుపీఠ మధిష్ఠించి, "అనండి, వింటాను" అనెను. తాతబ్బాయి గోడతో అనెను. కుక్కపిల్లతో అనెను, అది కరచెను. రత్నమాలతో అనబోయి, "పోనీలే" అనెను.

"మీ వల్ల కాదు లెండి. ఉప్మా చల్లారిపోయింది, తింటారా?"

"ఆయ్," అనెను వీరుడు.

మరునాటి ప్రభాతమున, కూలీల కేకలే శంఖారావములుగా, మోకుల కిర్రుకిర్రులే ధనుష్టంకారములుగా, రేవున మహాసంగ్రామ మారంభమయ్యెను. మొదటి పెట్టె సత్తెమ్మ పేర నలుగురు కూలీల భుజముల కెక్కెను. అదే సమయమునకు కాలువ గట్టున గేదె వచ్చుచుండెను. పలుపు కొన్నవాని చేతిలో నుండెను. వెనుక సత్తెమ్మ నడచుచు, "తౌడు వేడిగా పెడితే తాగదండి, చల్లార్చి పెట్టండి. ఎడంపక్కనించి పిండితే తన్నుద్దండి, కుడిపక్క కూర్చోండి" అని చెప్పుచుండెను. 

తాతబ్బాయి దానిని చూచెను. చూచి, మేనేజరు నెదుట పోయి నిలిచెను.

"నా అట్ట ఒకటి మిగిలిపోయిందండి. నన్నెవరూ అడగలేదండి."

మేనేజరు నవ్వి, "మిమ్మల్ని అడగటమేమిటండీ? సరే, లెక్క లెక్కే" అని, ఎంతటి శూరులనైనను పడగొట్టిన ఆ టోపీని మరల తీసి చేతబట్టుకొని, తాతబ్బాయి భుజము మీద చేయి వేసి, వెన్నవంటి గొంతుతో, "తాతబ్బాయి గారూ, మా యంత్రం మీకు కావాలి కదా?" అనెను.

ఆహా, ఆ క్షణమున ఆ కంఠమున జరిగిన సంకుల సమరమును వర్ణింప వేయి నాలుకలు గల శేషునికైనను శక్యమా? పెండ్లి పంక్తులలోను, చావిడి అరుగుల మీదను, పంటు రేవులలోను తరతరములుగా ఎవ్వరి మనసును నొప్పింపక బ్రదికి గతించిన తాతముత్తాతల "ఆయ్"లన్నియు అక్షౌహిణులై గొంతుక ద్వారమున మోహరించి నిలువగా, అవతల ఒంటరి "వద్దు" ఒకటి నిరాయుధమై, గుటక వెనుక నక్కి, పైకి రాను లోనికి పోను తోచక గడగడ వణకుచుండెను. తాతబ్బాయి తన జిహ్వ నుద్దేశించి మనసులోనే యిట్లు గర్జించెను: "ఓసి నాలుకా, పుట్టిననాటినుండి ఎవరేది పెట్టినను కాదనక తింటివి, ఎవరేది యడిగినను కాదనక ఒప్పుకొంటివి. నరము లేనిదాన వని లోకము నిన్నాడిపోసుకొనుచున్నది. నేడొక్కనాటికి ఎచ్చటనైనను ఒక నరము అరువు తెచ్చుకొనుము."

నాలుక కదలలేదు. బదులుగా రెండు చేతులును తమంత తాము లేచి అడ్డముగా నిలిచెను. కోనసీమ వాడైనచో అచ్చటితో అన్నియు గ్రహించియుండును. మేనేజరు మద్రాసు వాడు. కుడిచేతిని పట్టుకొని ఆనందముతో ఊపెను.

ఇక దారి లేదు. గట్టు మీద గేదె వంతెన దాపునకు చేరెను.

"వద్దండి," అనెను తాతబ్బాయి.

అది ఎంత చిన్నగా వచ్చెననగా మేనేజరు చెవి దగ్గరకు తెచ్చి, "ఏమన్నారు?" అనెను. విధి యెంత క్రూరమో చూడుడు. ఒకమారు చావునకు సిద్ధమైన వానిని రెండవమారు చావుమనెను. తాతబ్బాయి కన్నులు మూసికొని, "వద్దండి, ఆయ్. ఏమీ అనుకోకండి," అనెను.

కూలీలు పెట్టెను దించిరి. ఒక కూలీ తన చెవిలో వ్రేలు పెట్టి త్రిప్పుకొనెను. మేనేజరు మొగము పాలిపోయెను. నిబంధన తన నోటితో తానే చెప్పినవాడు గనుక, తాతబ్బాయి చాచిన ఖాళీ అట్టను అందుకొని, రెండవ ప్రక్కను చిల్లు పొడిచెను. "మీ ఏజన్సీ రద్దు," అనెను. "ఆయ్, మంచిదండి," అనెను తాతబ్బాయి. పడవలు వెనుకకు తిరిగినవి. ఆ అట్టను మేసిన మేధకు మెతుకు గొంతున అడ్డుపడి, కోనసీమ వారికి ఏమి కావలెనో నేటికిని తేల్చలేక మిణుకుమిణుకు మనుచున్నదని కొందరు కూలీలు చెప్పుదురు. కూలీల కెట్లు తెలియునో నేనడుగలేదు.

తాతబ్బాయి గట్టు వెంబడి పరుగెత్తి, వంతెన మీద గేదెను పట్టుకొని, "బేరం వదులుకోండి బాబూ, పిన్నిగారికి ఇక అమ్మాల్సిన పని లేదు, మీ సొమ్ము మీకిప్పిస్తాను," అని కొన్నవాని నడిగెను. అతడును ఆ సీమ వాడే. "ఆయ్, తీసుకెళ్ళండి," అనెను గాని వాని చేతులు పలుపును విడువలేదు. తాతబ్బాయి ఆ చేతులను చూచెను. చూచియు చూడనట్లు పలుపు లాగికొనెను.

"యంత్రం రాదాండి? మీకు మాట వచ్చిందేమో బాబూ, నా మూలంగా," అని సత్తెమ్మ గేదె మెడను కౌగిలించుకొని, కండ్లు దాని బొచ్చునకే తుడుచుకొనెను.

ఈ విధముగా, సప్తసాగర పరివేష్టిత భూవలయమున ఎదురులేని డంబుల్టన్ మహామేధను, ఒకే యొక్క మాటతో, అదియు రెండుమార్లు చెప్పి, ఓడించిన ఏకవచన వీరుడు, అమలాపుర సింహము, రత్నమాలా ప్రాణేశ్వరుడు తాతబ్బాయి దిగంతముల జయభేరి మ్రోగించెను. అతడు కొల్లగొట్టిన విజయధన మెంత యని అడుగువారికి చెప్పుచున్నాను. ఆ సాయంత్రము గేదె మామూలుగా పాలిచ్చెను.