డిసెంబరులో అట్టపెట్టె

ఆ రోజు వారెన్ టీసెన్ పెట్టుకున్న పనులు మూడే. విశ్వవిద్యాలయంలో తన గది కిటికీలో ఉన్న నిమ్మమొక్కను ఇంటికి తెచ్చుకోవాలి. భార్య లోయిస్ చేసిచ్చిన ప్లమ్ పళ్ళ కేకును తన గైడు మోరీన్ గోతియే చేతిలో పెట్టాలి. మధ్యాహ్నం శాఖవాళ్ళంతా తలో వంటకం తెచ్చుకుని కలిసి తినే విందులో, పీహెచ్‌డీ మొదటి సెమిస్టర్ ముగించినవాళ్ళు లేచి ఏం నేర్చుకున్నారో చెప్పడం ఆనవాయితీ. ఆ నాలుగు ముక్కలూ తడబడకుండా చెప్పి కూర్చోవాలి. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దం ముందు వాటిని చెప్పుకున్నాడు. అద్దంలో మనిషి నమ్మినట్టు కనిపించలేదు.

నలభైకి దగ్గరపడుతుండగా, హైస్కూలు పిల్లలకు సలహాలిచ్చే ఉద్యోగం వదిలేసి కౌన్సెలింగ్ సైకాలజీలో చేరాడు వారెన్. సెప్టెంబరు నుంచీ అతన్ని ఒకే అనుమానం తొలుస్తోంది. తనను పొరపాటున చేర్చుకున్నారు, ఆ సంగతి వాళ్ళకింకా తెలియలేదు. అతని సెమిస్టర్ పేపరు మోరీన్ దగ్గరుంది. ఇక తెలియకుండా ఎలా ఉంటుంది?

"మొక్కని ఒట్టి చేతుల్తో పట్టుకొచ్చేవు, కారుదాకా వచ్చేలోపు చలికి మాడిపోతుంది. పెట్టెలో పెట్టి చుట్టూ ఏవైనా కుక్కు," అంది లోయిస్.

"కుక్కడానికి అక్కడేముంది?"

"నీ సామానే. ఆ స్వెట్టరూ, ఆ ఊలు చెప్పులూనూ. ఎలాగూ ఉతకాలి."

రాత్రంతా ఇంజను గడ్డకట్టకుండా తగిలించి ఉంచిన కరెంటు తీగను పీకి, వారెన్ కారెక్కాడు. విన్నిపెగ్‌లో ఆకాశం నీలంగా, నిర్మలంగా ఉంది. అలా ఉన్నప్పుడే చలి ఎక్కువ.

ఆ శాఖలో ఎవరూ ఎవర్నీ సూటిగా ఏదీ అడగరు. మొదటి సెమిస్టరంతా నేర్పేది అదే. ప్రశ్న వేస్తే ఎదుటి మనిషి ముడుచుకుపోతాడట. కాబట్టి అడగకూడదు, సలహా ఇవ్వకూడదు, అతని మనసులో ఉన్నదాన్ని మెల్లగా అతనికే అందించాలి. ఇది తరగతి దాటి వరండాలోకీ, కాఫీ దగ్గరికీ పాకింది. అక్టోబరులో వారెన్ చేతి తొడుగులు పోగొట్టుకుని, ఎవరైనా చూశారా అని అడిగితే, "అవి లేకపోవడం నీకు వెలితిగా ఉందన్నమాట" అన్నారు ముగ్గురు. తొడుగులు మాత్రం దొరకలేదు.

గదిలో అతను నిమ్మమొక్కను అట్టపెట్టెలో దింపి, దాని మీద స్వెట్టరు కప్పి, సందుల్లో చెప్పులూ, టేబుల్ లైటూ, కప్పూ, లోయిస్ ఫొటో కుక్కాడు. అన్నీ సర్దాక అతని బల్ల బోసిపోయింది. పక్క బల్ల రొవీనా మాగ్సీనోది. ఒకప్పుడు దాని మీద చిన్న రైస్ కుక్కరూ, దుప్పటీ, వాళ్ళమ్మ ఫొటో ఉండేవి. ఈమధ్య అద్దంలా మెరుస్తోంది. ఎంత పద్ధతైన పిల్ల అనుకుని, తన చిందరవందర బతుక్కి రోజూ కాస్త సిగ్గుపడేవాడు.

రొవీనా తలుపు తీసుకుని వచ్చింది. పెట్టెనూ, బోసి బల్లనూ చూసి అక్కడే ఆగిపోయింది. తనకంటే పదేళ్ళు పెద్దవాడని ఆమె అతన్ని తమ భాషలో 'అన్న' అనే అర్థంలో కుయా అంటుంది.

"నువ్వా, కుయా?" అంది మెల్లగా.

"నేనే. లోయిస్ కూడా ఇదే మంచిదంది."

"ధైర్యం కావాలి."

ఆ చలిలో కారుదాకా నడవడం గురించి అంటోందనుకున్నాడు వారెన్. ఆమె ఇంకేమీ అడగలేదు. అడగకూడదని చక్కగా నేర్చుకున్న విద్యార్థిని. అతన్ని గట్టిగా ఒకసారి కౌగిలించుకుని, ముఖం తిప్పుకుని వెళ్ళిపోయింది. సెలవులకి ఇంత బెంగా అనుకున్నాడతను.

పెట్టె బరువుగా ఉంది. దాన్ని ఎలాగో మోసుకుంటూ, చక్రాల బండి అడుగుదామని శాఖ ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడుండే గ్లెండా ప్రొకొప్‌చుక్ ఒక్క స్టేప్లరు కూడా సంతకం లేకుండా ఇచ్చే మనిషి కాదు. డిసెంబరులో చదువు మానేసి అట్టపెట్టెలతో వెళ్ళిపోయిన మొదటి ఏడాది విద్యార్థుల్ని చాలామందిని చూసింది. పెట్టె పైనుంచి తొంగిచూస్తున్న ఫొటో మీద ఆమె చూపు నిలిచింది. లేచి తనే బండి తీసింది. టిష్యూ కాగితాల డబ్బా తీసి అతని ముందు పెట్టింది.

"కూర్చో నాయనా. ఆ పెట్టె నా దగ్గర ఉంచు. భోజనం చెయ్యకుండా మాత్రం వెళ్ళకు."

"సంతకం ఎక్కడ పెట్టాలి?"

"సంతకం లేదు, ఏం లేదు," అంది గ్లెండా.

అప్పుడు మొదలైంది వారెన్‌కి అసలు జబ్బు. గ్లెండా సంతకం అడగలేదంటే ఏదో జరిగింది. రొవీనా కౌగిలింత గుర్తొచ్చింది. ముఖాలు చదవడం అతను సెమిస్టరంతా సాధన చేశాడు. ఇప్పుడు ఎదురైన ప్రతి ముఖాన్నీ చదివాడు. అన్నిట్లోనూ జాలి ఒక్కటే కనిపించింది. అంటే పేపరు దిద్దారు. పొరపాటు తెలిసిపోయింది. తనకి తప్ప అందరికీ తెలుసు. సెప్టెంబరు నుంచీ ఎదురుచూస్తున్న భయం నిజంగా వచ్చేసరికి, చిత్రంగా, దాని కింద ఇంకేదో కదిలింది. వెళ్ళాలని లేదు. ఇక్కడ ఉండాలని ఇంతగా ఉన్నట్టు అతనికి ఆ ఉదయందాకా తెలియదు.

కేకు పట్టుకుని వెళ్ళేసరికి మోరీన్ గది తలుపు బార్లా తెరిచి ఉంది, టీ కాచి ఉంది. గ్లెండా కబురు అప్పటికే చేరింది. మోరీన్ అతన్ని కూర్చోమని సైగ చేసి మౌనంగా ఉండిపోయింది. మౌనాన్ని భరించడం ఆమె జీవితమంతా సాధన చేసిన విద్య. వారెన్ ఆ విద్యలో పసివాడే, కానీ నోరు విప్పితే ఏడుపొస్తుందేమోనన్న భయంతో ఆమెకు సమానంగా నెగ్గుకొచ్చాడు. టీ చల్లారింది.

"ఇది ఓటమి కాదు, వారెన్," అంది చివరికి మోరీన్.

"మీరు చెప్పకముందే తెలిసిపోయింది నాకు."

"నీ మీద ఎవరికీ కోపం లేదు."

"అది కూడా తెలుస్తోంది."

అతను కేకు అందించాడు. ఆమె దాన్ని రెండు చేతులా పుచ్చుకుని, విందులో మాట్లాడడం కష్టమనిపిస్తే మానేయవచ్చంది. మాట్లాడతానన్నాడు. వెళ్ళేముందు మనిషికి ఆ మాత్రం మర్యాద ఉండాలి అనుకున్నాడు. ఎంత హుందాగా తప్పుకుంటున్నాడు అని ఆమె అనుకుంది.

గ్లెండా కాబేజీ చుట్టలూ, రొవీనా పాన్సిట్ సేమ్యా, మోరీన్ మాంసం కూరి కాల్చిన తూర్తియేర్ రొట్టె బల్ల మీద వరసగా ఉన్నాయి. ఎవరూ గట్టిగా నవ్వడం లేదు. వారెన్ పళ్ళెంలో అడక్కుండానే రెట్టింపు వడ్డించారు. మొదటి ఏడాదివాళ్ళు మాట్లాడవలసిన చోట ఆ ఏడు ముందుగా ప్రొఫెసర్లు లేచారు. ఒకాయన తన మొదటి పేపరు మీద గైడు ఒక్క ప్రశ్నార్థకం మాత్రమే గీసిచ్చిన సంగతి చెప్పాడు. మోరీన్ తను మొదటి డిసెంబరులోనే మానేసి సెయింట్ బానిఫేస్‌లో అక్క ఇంటికి వెళ్ళిపోయిందట. మంచుబూట్లు ఇక్కడే మరిచిపోయింది. జనవరిలో వాటికోసం వచ్చి, కిటికీ సందులోంచి కారిన మంచునీటికి తడిసిన ఆ బూట్లు తొడుక్కోలేక, ఆరేదాకా కూర్చుందామని ఒక తరగతిలో కూర్చుంది.

"ఇంకా ఆరలేదు," అంది.

వీడ్కోలు ఇంత ఘనంగా చేస్తారని వారెన్ అనుకోలేదు. తన వంతు వచ్చాక లేచాడు. అద్దం ముందు చెప్పుకున్న ముక్కల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"పదిహేనేళ్ళు పిల్లలకి సలహాలిచ్చాను. వాళ్ళు వాక్యం మొదలుపెట్టగానే దాని చివర నాకు తెలిసిపోయేది. ఇక్కడికొచ్చాక తెలిసింది, ఒక్కటి కూడా పూర్తిగా వినలేదని. సెమిస్టరంతా నాకేమీ రాదని భయపడుతూనే ఉన్నాను. ఈమధ్యే, ఏమీ రాకుండా కూర్చోవడం కొంచెం బాగుందనిపించడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఉండనిస్తే బాగుండేది. నన్నెవరైనా అడిగుంటే, ఉంటాననేవాణ్ణి."

మోరీన్ ఫోర్కు కింద పెట్టింది. ఆ శాఖలో ఎవరికీ గుర్తున్నంతలో జరగని పని చేసింది. సూటిగా ప్రశ్న అడిగింది.

"మరి నువ్వెందుకు వెళ్ళిపోతున్నావు?"

"మీరే కదా పంపేస్తున్నారు?"

"ఎవరు చెప్పారు?"

"నా పేపరు..."

"నీ పేపరు నేనింకా తెరవనే లేదు."

ఈసారి గ్లెండా లేచింది. "మరి ఆ పెట్టె ఏమిటి నాయనా?"

"నిమ్మమొక్క. సెలవుల్లో ఇక్కడ హీటింగ్ తగ్గించేస్తారు కదా."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. కాసేపటికి మోరీన్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటోంది, గ్లెండా బల్ల మీద అరచేత్తో కొడుతోంది. వారెన్ మళ్ళీ ఊపిరి పీల్చుకున్నాడు. నవ్వనిది ఒక్క రొవీనా. ఆమె పళ్ళెంలో పాన్సిట్ అలాగే ఉంది.

విందు అయ్యాక ఆమె వరండాలో అతని పక్కకి చేరింది.

"కుయా, ఆ బండి కాసేపు నాకు కావాలి."

నేర్చుకున్న ప్రకారమైతే, బండి అవసరం ఆమెకు ముఖ్యమన్నమాట అనాలి. అతను అలా అనలేదు.

"దేనికి?"

రొవీనా గోడవైపు తిరిగి చెప్పేసింది. రోజుకొకటి చొప్పున, ఎవరికంటా పడకుండా బ్యాగులో పెట్టుకుని వస్తువులన్నీ కారులోకి చేరవేసిందట. రైస్ కుక్కరు, దుప్పటి, అమ్మ ఫొటో. భోజనాలయ్యాక, చదువు మానేస్తున్నానని మోరీన్‌కి చెప్పి, ఊరికి వెళ్ళిపోవాలనుకుందట.

"పొద్దున నీ పెట్టె చూసి, నాకు లేని ధైర్యం నీకుంది అనుకున్నాను. తీరా అందరూ నీకోసం చెప్తున్నారు, నేను కూర్చుని వింటున్నాను. ఆ బూట్ల కథ దగ్గర ఇక ముద్ద దిగలేదు కుయా."

వారెన్‌కి ఆ మెరిసే బల్ల గుర్తొచ్చింది. ఊరందరి ముఖాలూ చదివాడు, మూరెడు దూరంలో ఉన్న బల్లను చదవలేకపోయాడు.

"ఉంటావా?" అన్నాడు.

"ఉంటా. కానీ ఆ కుక్కరు ఐసుగడ్డైపోయుంటుంది. నువ్వే మొయ్యాలి."

ఇద్దరూ కోట్లు తొడుక్కుని చలిలోకి వెళ్ళారు. కనురెప్పల మీద మంచు పేరుకుంటుంటే, డిక్కీలోంచి ఒక్కొక్కటీ తీసి బండికెత్తారు. ఫొటోను రొవీనా కోటు లోపల పెట్టుకుంది. చక్రాలు మంచులో దిగబడినప్పుడల్లా ఆమె తిడుతోంది, అతను నవ్వుతున్నాడు.

నిండు బండి తోసుకుంటూ, ముక్కు ఎర్రబడి, కళ్ళు చెమ్మగిల్లి రొవీనా లిఫ్టులోంచి బయటికి రావడం గ్లెండా చూసింది. అయ్యో, ఈ పిల్ల కూడానా అనుకుని, ఏమీ అడగకుండా టిష్యూ డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.